స్వరూప చెంప మీద చెయ్యి

2023 ఏప్రిల్. మాదాపూర్‌లో నేను పనిచేసే ఆసుపత్రి నాలుగో అంతస్తులో మా న్యూరో ల్యాబ్ ఉంది. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కిటికీ లేని రెండు గదులు, ఒక మంచం, ఒక వాలు కుర్చీ, మూడు యంత్రాలు. బయట ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే లోపల మేం స్వెట్టర్లు వేసుకుని పనిచేస్తాం. ఏసీ తగ్గించమంటే యంత్రాలకి వేడి పడదంటారు. మనుషులకి చలి పడదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

నేను ఈఈజీ టెక్నీషియన్‌ని. తల మీద తీగలు అంటించి, మెదడు పుట్టించే సన్నటి కరెంటుని గీతలుగా రాబట్టడం నా పని. ఈ విద్య నాకు ఏ కాలేజీ చెప్పలేదు. పదో తరగతి లెక్కల్లో తప్పి, సర్కారు దవాఖానాలో అటెండరుగా చేరి, ఈఈజీ యంత్రానికి కాగితం కట్టలు మోశాను. కోఠీ ఫుట్‌పాత్ మీద పాత వైద్య పుస్తకాలు కొని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, పేజీకి మూడు రోజులు పట్టినా విడవకుండా చదివాను. అప్పటి యంత్రాల్లో సిరా కలాలు కాగితం మీద గీకుతూ పోయేవి. ఆ చప్పుడు మారితే చాలు, నేను అటు తిరిగి ఉన్నా రోగికి ఏదో అవుతోందని తెలిసిపోయేది. కాగితం అంచున పెన్సిలుతో రాసేవాళ్ళం: కళ్ళు మూసింది, గుటక వేసింది, దగ్గింది, తల తిప్పింది. ఎందుకంటే గుటక వేసినా గీత లేస్తుంది, మూర్ఛ వచ్చినా లేస్తుంది. పక్కన ఆ రెండు ముక్కలు లేకపోతే గుటక వేసినవాడికి మూర్ఛ మందులు రాస్తారు. రాసిన కేసులు నేను చూశాను. పేర్లతో సహా చెప్పగలను, చెప్పను.

ఇంత చేసినా నా మెడలో వేలాడే కార్డు మీద ‘కాంట్రాక్ట్’ అనే ఉంటుంది. సరే, అది వేరే గొడవ. ఇప్పుడు చెప్పబోయే కేసులో తప్పు నాది కూడా ఉంది కాబట్టి కోపమంతా ముందే ఇతరుల మీద వెళ్ళగక్కడం న్యాయం కాదు.

స్వరూపకి ముప్పై నాలుగేళ్ళు. ఖాజాగూడ పాత ఊరివాళ్ళ కోడలు. కొండాపూర్‌లో ఒక బొటిక్‌లో మగ్గం వర్క్ చేసేది. అంటే చెక్క చట్రానికి బట్ట బిగించి, దాని మీదికి వంగి పూసలూ జరీ కుట్టే పని. రవిక చేతుల మీద ఆమె కుట్టిన నెమళ్ళని ఫోన్లో చూపించింది. ఒక్కో నెమలి ఒక్కో వైపు చూస్తోంది, ఏ రెండూ ఒకేలా లేవు. మూడేళ్ళ కిందట ఆమె మెడ కుడివైపు తిరగడం మొదలైంది. తిరిగి, అక్కడే బిగుసుకుని, సన్నగా వణికేది. చట్రం ఎదురుగా ఉంటే ముఖం గోడవైపు ఉండేది. పని పోయింది. ఈ జబ్బుని డిస్టోనియా అంటారు. కండరాల్లో లోపమేమీ ఉండదు. మెదడు లోతుల్లోంచి వాటికి తప్పుడు ఆజ్ఞలు ఆగకుండా వెళుతుంటాయి.

ఇందులో ఒక వింత ఉంది. స్వరూప ఎడమచేతి రెండు వేళ్ళు ఎడమ చెంపకి ఆనిస్తే మెడ నెమ్మదిగా నేరుగా వచ్చేది. నెట్టడం కాదు, ఊరికే ఆనించడం. వేళ్ళు తీస్తే మళ్ళీ తిరిగేది. మా పుస్తకాల్లో దీనికి సెన్సరీ ట్రిక్ అని పేరు. చాలామంది డిస్టోనియా రోగులు ఎవరూ నేర్పకుండానే ఇలాంటిదొకటి కనిపెట్టుకుంటారు. అయితే ఆమెను మొదట చూసిన ఒక డాక్టరు, వేళ్ళు ఆనిస్తే ఆగేది రోగమెలా అవుతుందని చీటీ మీద ‘మానసికం’ అని రాసిచ్చాడు. ఆ ఒక్క మాట ఇంటికి చేరింది. అత్త లక్ష్మమ్మకి అది చాలింది.

మొదటిసారి మా గదిలోకి వచ్చినప్పుడే లక్ష్మమ్మ నాతో అన్నది: “చూడు అన్నా, నువ్వు పెద్దమనిషివి. చెయ్యి పెడితే ఆగుతది, తీస్తే తిరుగుతది. గిదేం రోగం? పని ముందర పెడితే ఇంకా జల్ది తిరుగుతది.”

“పని చేద్దామంటేనే కదా అత్తమ్మా తిరిగేది,” అన్నది స్వరూప, ముఖం గోడవైపు ఉండగానే.

“అగో చూడు. మాట నాతోని, చూపు గోడతోని.”

అలా అంటూనే లక్ష్మమ్మ కిందికి వంగి, కోడలికి వంగడం కష్టమని ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఈమె నోరు ఒక తీరు, చేతులు ఇంకో తీరు అని అప్పుడే అనుకున్నాను.

మందులయ్యాయి, మెడకి ఇంజెక్షన్లయ్యాయి. డిసెంబరులో ఆమెకి డీబీఎస్ ఆపరేషన్ చేశారు. మెదడు లోతున పాలిడమ్ అనే చోటికి రెండు పక్కలా సన్నటి తీగ దించుతారు. ఒక్కో తీగ కొసన నాలుగు లోహపు కట్లు ఉంటాయి. వాటిని కాంటాక్టులంటాం. కింది నుంచి పైకి సున్నా, ఒకటి, రెండు, మూడు. అక్కణ్ణుంచి చర్మం కిందుగా, మెడలోంచి వైరు తెచ్చి ఛాతీలో పెట్టిన బ్యాటరీకి కలుపుతారు. ఏ కాంటాక్టు నుంచి కరెంటు ఇవ్వాలన్నదే అసలు విద్య. వణుకుడు రోగమైతే సరైన చోట కరెంటు పెట్టగానే చెయ్యి ఆగుతుంది, అక్కడికక్కడే తెలుస్తుంది. డిస్టోనియా అలా కాదు. మెడ మెలిక విడవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తప్పు చోట పెట్టినా అన్ని నెలలూ ఎదురుచూడాల్సిందే.

కానీ ఈ కొత్త బ్యాటరీలు కరెంటు ఇవ్వడమే కాదు, వింటాయి కూడా! పాలిడమ్‌లో పుట్టే అలల్ని అదే తీగతో పట్టి బయట ఉన్న టాబ్లెట్‌కి పంపుతాయి. డిస్టోనియా ఉన్నవాళ్ళలో సెకనుకి నాలుగు నుంచి పన్నెండు సార్లు ఊగే నెమ్మది అల అక్కడ పెద్దదవుతుంది. అది ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ కరెంటు పెట్టడం మేలని ఇప్పుడు పరిశోధించేవాళ్ళు అంటున్నారు. నలభై ఏళ్ళు పుర్రె ఎముకకి ఇవతల నుంచి విన్నవాణ్ణి నేను. అది గోడకి చెవి ఆనించి పక్కింటి మాటలు వినడమైతే, ఇది ఆ ఇంట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చోవడం. మొదటిసారి ఆ గీత తెర మీద కదిలినప్పుడు నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోబుద్ధి కాలేదు.

జనవరిలో స్వరూప తొలి రికార్డింగ్ చేసింది నేనూ హారికా. హారిక ఆ పరికరం కంపెనీ తరఫున వచ్చే ఇంజినీరు. అనంతపురం పిల్ల, చురుకైనది. నన్ను ‘అంకుల్’ అంటుంది. అనవద్దని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి మానుకున్నాను. రికార్డింగ్ ఒక్క కాంటాక్టుది కాదు. రెండు కాంటాక్టుల మధ్య తేడాని కొలిచి, ఆ జంట నడుమ ఉన్న కాంటాక్టు నుంచి కరెంటు ఇస్తారు. టాబ్లెట్ అన్ని జంటలూ కొలిచింది. ఒకటికీ మూడుకీ మధ్య, అంటే పై జంటలో, కొండలాంటి శిఖరం చూపించి పక్కన పచ్చ టిక్కు పెట్టింది. నేను అలవాటుగా కాగితం, పెన్సిలు తీశాను.

“అంకుల్, ల్యాబ్ పేపర్‌లెస్ అయిపోయింది. మీరు రాసినా దాన్ని యాడ పెడతారు?” అని నవ్వింది హారిక.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నా తప్పు అదే. లిఫ్టు ఆలస్యమైనా పోట్లాడే మనిషిని, పోట్లాడాల్సిన చోట మాత్రం ముసలి చాదస్తమంటారని జంకాను. స్వరూపని “కదలకు” అన్నాను, యంత్రం చెప్పింది విన్నాను. పచ్చ టిక్కు ప్రకారం రెండో కాంటాక్టుకి కరెంటు పెట్టారు. అట్టడుగున సున్నా మీద పెట్టి చూస్తే ఆమెకి కళ్ళ ముందు మెరుపులు కనిపించాయి. దాని కిందుగానే చూపు నరం పోతుంది. ఇక కింది కాంటాక్టుల జోలికి ఎవరూ పోలేదు.

నెల గడిచింది. కరెంటు కొంచెం పెంచారు. ఇంకో నెల. ఇంకా పెంచారు. మాట కాస్త ముద్దగా వచ్చింది తప్ప మెడ ఇటు తిరగలేదు.

ఏప్రిల్లో ఒక సోమవారం డాక్టర్ సుధగారు అందర్నీ ల్యాబ్‌కి పిలిచారు. ఆవిడ న్యూరాలజిస్టు. రాజమండ్రి వైపు మనిషి. ఎంత కోపం వచ్చినా ‘అండి’ వదలరు. సర్జన్ గారి అభిప్రాయం ఆవిడే చెప్పారు. తీగ తప్పు చోట పడి ఉండవచ్చు, తల మళ్ళీ తెరిచి సరిచేయాలి, వచ్చే వారమే చేద్దామంటున్నారు.

“ఇంకోసారి తల కోయించుకోను మేడం,” అన్నది స్వరూప. గొంతు పెంచలేదు. “ఒకసారి గుండు చేస్తే ఊకున్న. నాలుగు నెలలు చూసిన. ఇగ తీసేయుండ్రి దీన్ని. ఛాతీల రాయి పెట్టుకొని తిరిగినట్టున్నది.”

“తీయడం కూడా ఆపరేషనే కదమ్మా,” అన్నారు సుధగారు. “తీసేశాక ఇంక చేయడానికి నా దగ్గర ఏమీ ఉండదు. మందులు, ఇంజెక్షన్లు అన్నీ చూసేశాం కదండీ.”

లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అంటే ఏంది మేడం? బతికినన్ని దినాలు గోడనే చూడాల్నా ఇది?”

తల మళ్ళీ తెరవాలి, లేదా ఆశ వదులుకోవాలి. ఆమె ముందు ఈ రెండే ఉన్నాయి.

నేను టాబ్లెట్‌లో జనవరి రికార్డింగ్ తెరిచి చూస్తున్నాను. సెకనుకి ఐదు ఊపుల దగ్గర ఆ శిఖరం. సూటిగా, నునుపుగా, దేవుడి పటంలో కొండలా ఉంది. మరీ అందంగా ఉంది! ఇన్నేళ్ళలో నాకు తెలిసిందేమంటే మెదడు ఇంత నీటుగా ఉండదు. దాని అల పెళ్ళింట్లో మాటల్లా కలగాపులగంగా ఉంటుంది. ఇంత నీటుగా ఒక్కచోట లేచిందంటే ఫ్యానో, ట్యూబులైటో, గుండె చప్పుడో, ఊగే వైరో అయి ఉంటుంది. అలాంటి దొంగ గీతని మేం ఆర్టిఫాక్ట్ అంటాం.

తలెత్తి స్వరూప వైపు చూశాను. మెడ సన్నగా వణుకుతోంది. గోడ గడియారం సెకను ముల్లు మీద ఒక కన్ను, ఆమె చెవి కమ్మ మీద ఒక కన్ను పెట్టి, వేలితో బల్ల మీద తాళం వేస్తూ లెక్కపెట్టాను. పది సెకన్లకి యాభై, ఒకటి అటో ఇటో. సెకనుకి ఐదు!

“మేడం, ఇది మెదడు కాదు! మెడ! మెడ ఊగుతుంటే మెడలకెల్లి పోయే వైరు ఊగుతున్నది. ఆ ఊగుడునే మనం మెదడు అల అనుకున్నం!”

హారిక ఒప్పుకోలేదు. “అట్లయితే అన్ని జంటల్లోనూ రావల్ల కదా అంకుల్? ఈ జంటలోనే ఎందుకొచ్చింది?”

మంచి ప్రశ్న. అడిగినందుకు ఆ పిల్లంటే నాకు గౌరవం పెరిగింది. “ఇంపీడెన్స్ పట్టిక తెరువు బిడ్డా,” అన్నాను. ఇంపీడెన్స్ అంటే కరెంటు దారిలో ఉండే అడ్డు. మూడో కాంటాక్టు దారిలో అది మిగతావాటి కంటే ఎక్కువగా ఉంది. హద్దు దాటలేదు కాబట్టి యంత్రం ఎర్ర గుర్తు పెట్టలేదు. జంటలో రెండిటికీ అడ్డు సమానంగా ఉంటే వైరు ఊపు రెండిట్లోనూ ఒకేలా వచ్చి, కొట్టేసుకుని మాయమవుతుంది. ఒకదానికి ఎక్కువైతే ఆ ఊపు గీతలో మిగిలిపోతుంది.

హారిక పట్టికని రెండుసార్లు చూసింది. “అబ్బా...” అని ఆగిపోయింది.

సుధగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. “ఊహ బాగానే ఉందండీ యాదగిరిగారూ. కానీ ఊహతో సర్జన్ గారిని ఆపలేను కదా. ఋజువు కావాలి.”

“ఒక్క గంట ఇయ్యుండ్రి మేడం.”

ఆ గంట గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను. కరెంటు ఆపించి, కాసేపు ఆగాం. నేను అట్ట మీద కాగితం పెట్టుకుని నిలువుగా గీత కొట్టాను. ఎడమ పక్క టైము, కుడి పక్క మనిషి ఏం చేస్తోందన్నది. ఈసారి పేపర్‌లెస్ మాట ఎవరూ ఎత్తలేదు.

ముందు పై జంట పెట్టాం. కొండ మళ్ళీ అలాగే లేచింది.

“లక్ష్మమ్మా, జర ఇటు రా. నీ కోడలి తల కదలకుండ గట్టిగ పట్టుకో,” అన్నాను.

“ఎట్ల పట్టాలె?”

“పేన్లు చూసేటప్పుడు ఎట్ల పడ్తవ్? అట్ల.”

“నా ఇంట్ల పేన్లుంటయా?” అని రోషపడుతూనే వెనక నిలబడి రెండు చెంపలూ పట్టబోయింది.

“చెంపలు ముట్టకు!” అని నేను అరిచిన అరుపుకి ఆమె చేతులు గాల్లో ఆగిపోయాయి. చెంప ముడితే ట్రిక్ పనిచేస్తుంది, అంతా కలిసిపోతుంది. చివరికి కోడలి తల వెనక భాగాన్ని తన పొట్టకి అదిమి, నడినెత్తి మీద రెండు అరచేతులూ వేసి పట్టింది.

తల ఆగింది. తెర మీద కొండ కూలిపోయింది!

“వదులు.” లేచింది. “పట్టు.” కూలింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. మెదడు అలే అయితే బయట ఎవరో తల పట్టుకున్నంత మాత్రాన దీపం ఊదేసినట్టు పోదు.

హారిక కుర్చీలోంచి లేచి నిలబడింది. “అంకుల్, ఇన్నాళ్ళూ మనం వైరు ఊగేదాన్ని చూసి ట్రీట్‌మెంట్ ఇచ్చినామా?”

“మనం కాదు, నీ పచ్చ టిక్కు,” అన్నాను. తర్వాత మనసొప్పక, “నేను కూడ,” అన్నాను.

దొంగని పట్టుకుంటే సరిపోదు కదా. అసలు అల ఎక్కడుంది? సున్నాకీ రెండుకీ మధ్య, కింది జంట పెట్టించాను. లక్ష్మమ్మ తల పట్టుకునే ఉంది. తెర మీద సెకనుకి ఏడు ఊపుల దగ్గర చిన్న గుట్ట, పొట్టిగా, అంచులు అడ్డదిడ్డంగా. జనవరి రికార్డింగ్‌లో కూడా అది ఉంది. పచ్చ టిక్కు పక్కన దాన్ని ఎవరు చూస్తారు? తల ఆగినా ఈ గుట్ట మాత్రం పోలేదు.

“అన్నా, లోపలికెల్లి గుంజుతనే ఉన్నది. నా చేతులు నొస్తున్నయ్,” అన్నది లక్ష్మమ్మ.

రాసుకున్నాను: తల కదలడం లేదు, లోపలి నుంచి గుంజుతోంది, అల ఉంది.

“స్వరూపా, ఇప్పుడు నీ చెయ్యి ఎప్పుడూ పెట్టినట్టే చెంపకు పెట్టు. నెమ్మదిగ,” అన్నాను.

ఆమె చేతులు ఒళ్ళో బిగించుకునే కూర్చుంది. అప్పుడు అర్థమైంది నాకు. ‘మానసికం’ అని రాసిచ్చిన నాటి నుంచి డాక్టర్ల ముందు ఆమె ఆ పని చేయడమే మానేసింది. జనవరిలో కూడా ఇలాగే కూర్చుంది.

“నాటకం అంటరు సార్,” అన్నది మెల్లగా.

“అన్నోని సంగతి నేను చూసుకుంట. నువ్వు చెయ్యి లేపు.”

లేపింది. ఎడమ చెయ్యి ఒళ్ళోంచి లేచింది, భుజం దాటింది. వేళ్ళు చెంపకి ఇంకా జానెడు దూరంలో ఉండగానే గుట్ట దిగడం మొదలైంది! వేళ్ళు ఆనేసరికి నేలమట్టం. నేను కుర్చీ మీద చరిచి కేక పెట్టాను. పక్క గదిలోంచి నర్సు ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

సుధగారు ఒక్కరే నిమ్మళంగా ఉన్నారు. “చెయ్యి కదిలినా గీత మారొచ్చు కదండీ. రెండో చేత్తో రెండో చెంప ముట్టించండి.” అందుకే ఆవిడ దగ్గర పనిచేయడం నాకిష్టం. కుడిచేత్తో కుడి చెంప ముట్టించాం. మెడ గుంజుతూనే ఉంది, గుట్ట లేచే ఉంది. మళ్ళీ ఎడమ చెయ్యి. దిగింది!

“నేను స్వరూప దిక్కు చూడను,” అని హారిక కుర్చీ అటు తిప్పుకుంది. “స్క్రీన్ మాత్రమే చూస్తా. అల దిగినప్పుడు చెప్తా. మీరు కాగితంలో రాసుకోండి.”

కాగితం అన్న మాట ఆ పిల్ల నోటి నుంచి వచ్చింది! నేను స్వరూపకి కళ్ళతో సైగ చేశాను. ఆమె కాసేపు ఊరుకుని, చప్పుడు లేకుండా ఎడమ చెయ్యి లేపింది.

“ఇప్పుడు!” అన్నది హారిక.

“ఇప్పుడే లేపింది!” అని లక్ష్మమ్మ అరిచింది.

“అమ్మా, మీరు చెప్పేస్తే ఎట్లా? తల పట్టుకోండి, నోరు పట్టుకోండి.”

స్వరూప ఆటలో పడిపోయింది. ఒకసారి కుడిచెయ్యి లేపింది. హారిక మాట్లాడలేదు. మళ్ళీ కుడిచెయ్యే లేపింది. మాట్లాడలేదు. ఎడమ చెయ్యి లేపగానే, “ఇప్పుడు!” అలా పదిసార్లు చేస్తే ఒక్కటే తప్పింది. ఆ ఒక్కసారి స్వరూప నవ్వు ఆపుకోలేక ఊగిపోతోంది. కాగితంలో అది కూడా రాశాను: నవ్వుతోంది.

నవ్వు తగ్గాక ఆమె అడిగింది. “అంటే సార్, నేను చెయ్యి పెడితే లోపట నిజంగనే ఆగుతున్నదా?”

“ఆగుతున్నది. అందరం చూసినం.”

“అయితే నాటకం కాదు.”

“కాదు.”

“అది కూడ రాయుండ్రి సార్ ఆ కాగితం మీద.”

రాశాను. సుధగారు కిందుగా సంతకం పెట్టారు. లక్ష్మమ్మ చేతులు ఇంకా కోడలి నెత్తి మీదే ఉన్నాయి.

“నేను అన్ననా నాటకమని? ఆ డాక్టరు అన్నడు,” అన్నది ఆమె.

“నువ్వు కూడ అన్నవ్ అత్తమ్మా. బోనాల నాడు అందరి ముందట అన్నవ్.”

“అన్న. ఇగ అననులే,” అని లక్ష్మమ్మ కోడలి జుట్టు వెనక్కి సర్దింది.

సుధగారు ఆ కాగితం పట్టుకుని సర్జన్ గారి దగ్గరికి వెళ్ళారు. ఆరు వారాల గడువు తెచ్చారు. అదే రోజు కరెంటుని ఒకటో కాంటాక్టుకి మార్చి, మెల్లగా పెంచుతూ, “కళ్ళ ముందు మెరుపులు వస్తున్నాయా అమ్మా? మూతి గుంజుతోందా?” అని అడుగుతూ ఒక చోట ఆపారు. మెరుపులు రాలేదు. మెడ కూడా రాలేదు. ఈ జబ్బులో అది మామూలే అని అందరికీ నేనే చెప్పాను. కానీ ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కూడా వారాలే లెక్కపెట్టాను. ఈ ఆరు వారాల్లో ఏమీ కాకపోతే ఆమె తల మీద కత్తి పెట్టక తప్పదు, లేదా ఆమె ఇక ఆసుపత్రికే రాదు. మధ్యలో కంపెనీ పెద్దమనిషి ఒకడు, పెన్సిలు రాతలు డేటా కిందికి రావని మెయిల్ పంపాడట. హారిక చదివి వినిపించింది. నేను అన్న మాటలు ఇక్కడ రాయను. హారిక మాత్రం, “వాటిలో సగం నేను ఇంగ్లీషులో పెట్టినా అంకుల్,” అన్నది.

పదకొండో రోజు పొద్దున్నే లక్ష్మమ్మ ఫోను. “అన్నా, దవాఖాన సార్‌వేనా? వణుకుడు తగ్గింది. ఇయ్యాల చాయ్ ఇస్తే నా ముఖం చూసి తీసుకున్నది. ఇన్ని దినాలు నేను గోడకు చాయ్ ఇచ్చినట్టుండె.” తర్వాత ఫోను ఇద్దరం చాలాసేపు పట్టుకునే ఉన్నాం.

ఆరో వారానికి మెడ చాలామట్టుకు నేరుగా నిలిచింది. సర్జన్ గారు స్వయంగా వచ్చి చూసి, మళ్ళీ తల తెరవాల్సిన పని లేదని ఫైల్లో రాశారు. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. అలిసిపోతే కుడి భుజం ఇంకా పైకి లాగుతుంది. ఎండాకాలం పోయాక పూటకి రెండు గంటల చొప్పున మళ్ళీ మగ్గం ముందు కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆగస్టులో రివ్యూకి వచ్చినప్పుడు మళ్ళీ రికార్డింగ్ పెట్టాం. పోల్చి చూసుకోవాలి కాబట్టి, “స్వరూపా, ఆ చెయ్యి ఒకసారి చెంపకు పెట్టు,” అన్నాను. ఆమె ఎడమ చెయ్యి లేపింది, దించింది. కుడి చెయ్యి లేపింది, దాన్నీ దించింది. నా వైపు తిరిగి, అవును, నా వైపు తిరిగి అడిగింది.

“ఏ చెంప సార్?”

మూడేళ్ళు ఆమెను నిలబెట్టిన చెయ్యి. తన పని అయిపోయాక, ఎక్కడ ఆనాలో అదే మరిచిపోయింది. హారిక పెద్దగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది.

రోగి చెప్పేది కథ, యంత్రం గీసేది సాక్ష్యం అని నేను చాలా ఏళ్ళు నమ్మాను. నేనే కాదు, మా ఆసుపత్రి అద్దాల భవనంలో అందరూ నమ్ముతారు. ఇప్పుడు మా ల్యాబ్‌లో డిస్టోనియా రోగి వస్తే టాబ్లెట్ తెరవక ముందే ఒక ప్రశ్న అడుగుతాం: ఇది ఆగడానికి మీరేం చేస్తారు? ఒకాయన వెనక్కి నడుస్తానన్నాడు. ఒకామె పళ్ళ మధ్య అగ్గిపుల్ల పెట్టుకుంటానన్నది. నవ్వకుండా, వాళ్ళన్న మాటల్లోనే రాస్తాం. అది చేస్తుండగా రికార్డు తీస్తాం. తర్వాతే యంత్రం మాట. మా బ్యాటరీ ఛాతీలో చేరకముందే, మూడేళ్ళ నాడే, స్వరూప తన మెదడుకి మీట తనే కనిపెట్టుకుంది. ఆ మీట లోపల ఎక్కడ పనిచేస్తోందో ఆమె చెయ్యే మాకు చూపించింది. జనవరిలోనే ఆమెను ఆ ఒక్క ప్రశ్న అడిగి, చెయ్యి పెట్టించి రికార్డు తీసి ఉంటే సరిపోయేది. అడగలేదు కాబట్టి ఆమె ఇంకో మూడు నెలలు గోడని చూస్తూ గడిపింది.